దర్బారులో అర్జీ, గ్రామసభలో తీర్మానం



పుష్య అమావాస్య దగ్గర పడుతోందంటే మన ఇళ్లల్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి కెస్లాపూర్ ప్రయాణానికి బండి సిద్ధం చేసుకోవడం. ఇప్పుడైతే ఆటోనో ట్రాక్టరో మాట్లాడుకుంటున్నాం. రెండోది అర్జీ రాయించడం. ఊళ్లో చదువుకున్న కుర్రాడిని పట్టుకుని, తెల్ల కాగితం మీద "గౌరవనీయులైన కలెక్టర్ గారికి" అని మొదలుపెట్టి బోరు, రోడ్డు, పట్టా, పోడు అన్నీ ఒకే కాగితంలో ఎక్కించడం. నాగోబా దర్బారులో ఆ కాగితం అధికారి చేతికి అందితే సగం పని అయిపోయినట్టు మన పెద్దలు ఇంటికి వచ్చేవారు. మిగతా సగం కోసం మరుసటి ఏడాది మళ్లీ అదే అర్జీ.

ఆ కాగితాలు రాసిన కుర్రాళ్లలో మేమూ ఉన్నాం. ఇప్పుడు మీరు రాస్తున్నారు. అందుకే ఈ సంచికలో దర్బారు కథ, దాని వెనకున్న మన పంచాయితీ కథ, దాని తర్వాత వచ్చిన గ్రామసభ, ఎన్నికల కథ మీకు చెప్పాలనిపించింది. బళ్లో ఇది ఎవరూ చెప్పరు. పాఠ్యపుస్తకంలో కొమురం భీం ఒక పేజీ, ఆపైన ప్రశ్నలు జవాబులు.

దర్బారు కంటే ముందు మనకు పంచాయితీ ఉంది. ఊరికి పట్లా, పూజకు దేవారి, వంశానికి కటోడా. తగువు వస్తే పట్లా ఒక్కడే తీర్పు చెప్పేవాడు కాదు. చెట్టు కిందో పట్లా ఇంటి ముందో పెద్దలు కూర్చునేవారు. మాట ఒకరి తర్వాత ఒకరికి తిరిగేది. చేతులెత్తి లెక్కపెట్టడం మన పద్ధతి కాదు. ఇద్దరు ఒప్పుకోకపోతే ఆ రాత్రి తెల్లారేది, మర్నాడు మళ్లీ కూర్చునేవారు. అందరూ తలూపేదాకా మాట ముగిసేది కాదు. కోలాంలకూ ఇలాంటి పద్ధతే ఉంది. ఈనాటి రాయి సెంటర్లూ, వాటి పెద్దగా ఉండే సార్‌మేడీ కూడా ఈ వేరు నుంచి వచ్చిన చిగుర్లే.

అయితే పాతదంతా బంగారమని మీకు చెప్పబోవడం లేదు. ఆ కూర్చోవడంలో ఆడవాళ్ల చోటు అంచున, గోడ పక్కన. వాళ్ల గురించిన తగువులో కూడా వాళ్ల మాట మగవాళ్ల నోటి నుంచే వినబడేది. జరిమానా వేస్తే అది విందులోకీ సారాలోకీ పోయిన సందర్భాలు మన తాతలే నవ్వుతూ చెప్పేవారు. ఈ లోపం గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆ పంచాయితీకి ఊరి లోపలి తగువు తీర్చడం తెలుసు. బయటి నుంచి వచ్చిన తగువు దాని చేతిలో లేదు. నిజాం కాలంలో అడవిని సర్కారు రిజర్వు చేసి గీత గీసింది. గీతకు లోపల పడిన ఊళ్లను లేచిపొమ్మంది. గీత బయట ఉన్న మంచి భూమి కాగితం తెలిసినవాళ్ల పేరు మీదికి ఎక్కింది. పట్లా ఎంతమందిని కూర్చోబెట్టినా ఫారెస్టు గార్డు ఆ సభకు రాడు కదా. భీం అడిగింది ఈ సంగతే. జోడేఘాట్ చుట్టూ ఉన్న 12 ఊళ్ల భూమి మీద మనవాళ్లకు హక్కు కావాలన్నాడు. మాటలు జరిగాయి, తెగలేదు. 1940లో జోడేఘాట్ గుట్ట మీద పోలీసు తుపాకులు పేలాయి. భీం, ఆయనతో ఉన్నవాళ్లు నేలకొరిగారు.

ఆ తర్వాత గానీ గోండులు ఎందుకు తిరగబడ్డారని హైదరాబాదులో ఎవరికీ అనుమానం రాలేదు. అప్పుడు వచ్చినవాడే హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల బ్రిటిషువారి దృష్టిలో శత్రుదేశపు మనిషి. అందుకే హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లే వీలు లేకుండా పోయింది. ఆ ఇబ్బంది మనకు మేలైంది. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు. అప్పుడాయన గమనించినది చాలా చిన్న విషయం. అధికారి ఊరికి వస్తే జనం అడవిలోకి పోతారు, అధికారి ఆఫీసులో ఉంటే జనం అక్కడికి రారు. ఇద్దరూ కలిసే చోటు ఏదీ లేదు. ఏటా వేలమంది గోండులు తమంతట తాము వచ్చే చోటు మాత్రం ఒకటుంది, అదే కెస్లాపూర్. మెస్రం వంశస్థులు గోదావరి నీళ్లు కాలినడకన మోసుకొచ్చి నాగోబాకు మహాపూజ చేసే జాతర. అధికారులనే అక్కడికి రప్పిస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు. 1940ల్లో అలా నాగోబా దర్బారు మొదలైంది.

ఇందులో ఒక మెలిక ఉంది. దర్బారు అనేది రాజు మాట. రాజు కూర్చుంటాడు, ప్రజ నిలబడి విన్నవించుకుంటుంది. మన పంచాయితీలో అందరూ నేల మీదే. దర్బారులో మొదటిసారి ఒక బల్ల వచ్చింది, బల్లకు అటు ఇటు మనుషులు వచ్చారు. హైమన్‌డార్ఫ్ మనసు మంచిదే. ఆ కాలంలో అంతకు మించి సాధ్యం కాకపోవచ్చు. కానీ బల్ల మాత్రం అప్పటి నుంచి అలాగే ఉంది.

మొదట్లో దర్బారు పని చేసింది. అది ఒప్పుకోవాలి. ఆ దశాబ్దంలోనే మన భూములకు పట్టాలు ఇచ్చే పని పెద్ద ఎత్తున సాగింది. ఆదిలాబాద్ జిల్లాలో ఆదివాసీ కుటుంబాలకు లక్ష ఎకరాలకు పైగానే అందింది. మార్లవాయిలో గోండి మాట్లాడే పంతుళ్లకు శిక్షణ ఇచ్చారు, గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రెగ్యులేషన్ వచ్చింది. వినేవాడికి వినాలన్న ఉద్దేశం, చేయించే అధికారం రెండూ ఉన్నాయి కాబట్టి అర్జీకి జవాబు వచ్చింది. హైమన్‌డార్ఫ్ వెళ్లిపోయాక అర్జీ మిగిలింది, జవాబు తగ్గుతూ వచ్చింది.

తర్వాత ఓటు వచ్చింది. మనం ఓటు హక్కును ఎవరో ఇచ్చిన కానుకలా చూస్తాం గానీ, దాని ముందు సంగతి తెలిస్తే విలువ తెలుస్తుంది. పక్కనున్న మద్రాసు రాష్ట్రంలో, విశాఖ, గోదావరి ఏజెన్సీలు అప్పుడు అందులోనే ఉండేవి, 1935 చట్టం ప్రకారం శాసనసభలో 215 స్థానాలుంటే వెనకబడిన ప్రాంతాలకు, తెగలకు కలిపి కేటాయించింది ఒక్కటే. నిజాం రాజ్యంలో మనకు ఆ ఒక్కటీ లేదు. 1951-52 ఎన్నికల్లోనే 21 ఏళ్లు నిండిన ప్రతి ఆదివాసీకీ, ఆడా మగా తేడా లేకుండా ఓటు పడింది. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పడం కాదు, వారి దగ్గరే అది నేర్చుకోవాలన్న అర్థంలో మాట్లాడాడు. చెట్టు కింద కూర్చున్న మన పట్లాలను తలచుకుంటే ఆ మాటలో గొప్పలేమీ కనబడవు.

కానీ ఓటుతో వచ్చిన పంచాయతీ మన పంచాయితీ కాదు. ఒక్క అక్షరం పొడవే తేడా అనుకోకండి. నాలుగైదు గూడేలను కలిపి, సంత ఉన్న పెద్ద ఊరి పేరు పెట్టి ఒక గ్రామ పంచాయతీ చేశారు. ఆఫీసు సంత ఊళ్లో. సర్పంచు చాలాచోట్ల సంత ఊరి షావుకారు మనిషి. గుట్ట మీద గూడెంలో ఉన్న పట్లా తన ఊరి బావి కోసం ఆయన అరుగు దగ్గర చెప్పులు విప్పి నిలబడాలి. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్, 1970లో దానికి పదును పెట్టిన వన్ ఆఫ్ సెవెంటీ వచ్చాక కూడా భూమి పోతూనే ఉంది. కాగితం రాసేది, చూసేది, చెల్లుతుందనేది ఎవరో మీకు తెలుసు.

1981 ఏప్రిల్ 20. సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టింది. అడిగేవి పాతవే, భూమి, పోడు, వడ్డీ, ఫారెస్టు వేధింపులు. ముందు ఇచ్చిన అనుమతిని పోలీసులు రద్దు చేశారు. ఆ కబురు గుట్టల్లోని గూడేలకు చేరలేదు. చేరినవాళ్లు కూడా సంతకని బయల్దేరారు. కాల్పులు జరిగాయి. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. మన ఊళ్లలో చెప్పుకునే లెక్క దానికి చాలా రెట్లు ఎక్కువ. అక్కడ కట్టిన స్తూపాన్ని ఒకసారి కూల్చేశారు, మళ్లీ కట్టారు. ఏటా ఆ రోజున నివాళికి వెళ్లడానికి కూడా ఏళ్ల తరబడి ఆంక్షలే.

కెస్లాపూర్ ఉన్నది ఇంద్రవెల్లి మండలంలోనే. స్తూపానికీ నాగోబా గుడికీ మధ్య దూరం కొన్ని కిలోమీటర్లు. ఒకచోట అధికారులు షామియానా వేసి మీ కష్టాలు చెప్పుకోండి అంటారు. ఇంకోచోట మనంతట మనం కూడి కష్టాలు చెప్పుకుంటామంటే అనుమతి లేదంటారు. ఎవరు పిలిచిన సభ అన్నదే అప్పుడు తేడా అయింది. ఇంద్రవెల్లిని మేమెప్పుడు తలచుకున్నా ఈ ఆలోచన వెంటాడుతుంది.

ఇక పీసా దగ్గరికి వద్దాం. 1993లో 73వ రాజ్యాంగ సవరణ దేశమంతటా పంచాయతీలకు బలం ఇచ్చింది గానీ ఐదో షెడ్యూల్ ప్రాంతాలను పక్కన పెట్టింది. మనకు ఏ రూపంలో వర్తించాలో చెప్పడానికి దిలీప్ సింగ్ భూరియా నాయకత్వంలో కమిటీ వేశారు. ఆ కమిటీ చెప్పినదాని నుంచి 1996 డిసెంబరులో పీసా చట్టం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని దానికి తగ్గట్టు సవరించింది. నియమాలు రాయడానికి మాత్రం 2011 దాకా ఆగింది. పదమూడేళ్లు! ఆ మధ్యలో పుట్టిన పిల్లవాడు హైస్కూలుకు వచ్చేశాడు.

నియమాలు రాకముందే మన ఊళ్లలో "మావ నాటె మావ రాజ్" అన్న మాట వినబడింది. మా ఊళ్లో మా రాజ్యం. ఆ నినాదం విని కొందరు అధికారులు భయపడ్డారు, వేరే రాజ్యం అడుగుతున్నారేమోనని. చట్టం చదివితే ఆ భయం ఉండేది కాదు. పీసా చెప్పేది అదే. ఊరంటే రెవెన్యూ రికార్డులోని గ్రామం కాదు. ఒక గూడెం, లేదా తమ సంప్రదాయం ప్రకారం తమ వ్యవహారాలు చక్కబెట్టుకునే కొన్ని గూడేలు కలిస్తే ఊరు. ఆ ఊరి ఓటర్ల జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులు. అంటే సంత ఊరి అరుగు నుంచి సభ మళ్లీ మన చెట్టు కిందికి వచ్చింది. ఈసారి గోడ పక్కనున్న ఆడవాళ్లు కూడా సభ్యులే, ఎవరి దయా అక్కర్లేదు.

ఆ సభ చేతిలో ఏముందో చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఊరికి వచ్చే పథకాన్ని ముందు గ్రామసభ ఆమోదించాలి. లబ్ధిదారులను ఎంపిక చేసేది గ్రామసభ. పంచాయతీ ఖర్చుపెట్టిన డబ్బుకు వినియోగ ధ్రువపత్రం ఇచ్చేదీ గ్రామసభే. భూసేకరణకు ముందు సంప్రదించాలి. ఇసుక, కంకర లాంటి చిన్నతరహా ఖనిజాల లీజుకు సిఫారసు ముందే తీసుకోవాలి. సారా, సంత, వడ్డీ వ్యాపారం, చిన్నతరహా అటవీ ఫలసాయం, అన్యాక్రాంతమైన భూమి, వీటన్నిటి మీదా చట్టం దానికి మాట ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక పోడు క్లెయిము కూడా గ్రామసభ నుంచే మొదలవ్వాలి.

మాట ఇస్తే ఏమవుతుందని అడిగేవారికి మనం చూపించేది నియమగిరి. ఒడిశాలో మన కోందు బంధువుల కొండ. బాక్సైటు కోసం తవ్వాలనుకున్నారు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆ కొండ మీద తమ దేవుడి హక్కు సంగతి అక్కడి సభలే తేల్చాలంది. ప్రభుత్వం ఎంపిక చేసిన 12 పల్లిసభలు జూలై, ఆగస్టు నెలల్లో ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. ఆ పన్నెండులో ఏ ఒక్కటీ పెద్ద ఊరు కాదు. కొన్ని మన గూడేల కంటే చిన్నవి. తవ్వకం ఆగింది. వాళ్లు ఎవరికీ అర్జీ ఇవ్వలేదు. తీర్మానం చేశారు, అంతే.

అర్జీకీ తీర్మానానికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. అర్జీ తీసుకున్నవాడు దాన్ని పక్కన పెట్టొచ్చు, పెట్టినా తప్పు కాదు. తీర్మానాన్ని పక్కన పెడితే చట్టాన్ని పక్కన పెట్టినట్టు. కోర్టుకు వెళ్లినప్పుడు చేతిలో అర్జీ నకలు ఉంటే సానుభూతి దొరుకుతుంది, తీర్మానం నకలు ఉంటే వాదన దొరుకుతుంది.

ఎన్నికల సంగతి కూడా కాస్త చెప్పాలి, మీలో కొందరు ఇప్పటికే వార్డు సభ్యులుగా గెలిచారు కాబట్టి. పీసా వల్ల షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్పంచు, ఎంపీపీ లాంటి అధ్యక్ష పదవులన్నీ ఆదివాసులవే. ఇది పెద్ద మార్పు. కానీ తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచుతో పాటు ఉపసర్పంచు సంతకం కూడా పెట్టింది. ఉపసర్పంచు పదవికి ఆ రిజర్వేషన్ లేదు. సంత ఊరు కలిసిన పంచాయతీల్లో ఉపసర్పంచు ఎవరవుతారో, ఆయన సంతకం పెట్టనంటే మన సర్పంచు ఎవరి ఇంటి ముందు నిలబడాలో మీరే చూస్తున్నారు. పాత అరుగు కొత్త రూపంలో వచ్చింది. సర్పంచు ఎన్నిక మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఉపసర్పంచును ఎన్నుకునే రోజు మీద పెట్టాలని మా అభిప్రాయం.

ఏకగ్రీవం గురించి కూడా. మన సంప్రదాయంలో అందరూ ఒప్పుకునేదాకా కూర్చోవడం ఉంది కాబట్టి ఏకగ్రీవమంటే మనదే అనుకుని మురిసిపోతాం. గుడి కడతాననీ ఇన్ని లక్షలిస్తాననీ పాట పాడి పదవి దక్కించుకోవడం ఏకగ్రీవం కాదు, వేలం. అక్కడ ఎవరూ ఒప్పుకోలేదు, నోరు మూసుకున్నారు. డబ్బు సంగతే అయితే మెస్రం వంశస్థులను చూడండి. నాగోబా గుడిని కొత్తగా కట్టాలనుకున్నప్పుడు వంశమంతా కూర్చుని మాట్లాడుకుని, ఇంటింటికీ ఇంత అని తమలో తామే వేసుకుని 2022 డిసెంబరులో పూర్తిచేశారు. ఆ డబ్బుతో ఎవరికీ పదవి రాలేదు.

ఎన్నికే లేని చోట్లు కూడా ఉన్నాయి. మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించాలంటే పార్లమెంటు వేరే చట్టం చేయాలి, అది ఇంతవరకు రాలేదు. 2020 జనవరిలో రాష్ట్రంలోని పట్టణాలు ఓటేస్తుంటే మందమర్రి, పాల్వంచ, మణుగూరు జనం చూస్తూ ఉండిపోయారు. పల్లెల సంగతి కూడా అంత గొప్పగా లేదు. 2019 జనవరిలో గెలిచిన సర్పంచుల గడువు 2024 మొదట్లో ముగిస్తే, మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఆ రెండేళ్లలో "మాకిప్పుడు సర్పంచు లేడు, ఎవరిని అడగాలి" అన్న మాట ఎన్ని గూడేల్లో విన్నామో. సర్పంచు లేకపోవచ్చు, గ్రామసభ ఉంది. దానికి గడువు లేదు, రద్దు లేదు, ప్రత్యేకాధికారి లేడు. ఓటర్లు బతికి ఉన్నన్నాళ్లు అదీ ఉంటుంది.

మరి ఎందుకు కూర్చోలేదు? మాకు తెలిసిన కారణాలు రెండు మూడున్నాయి. సభ అంటే అధికారి పెట్టేదనే అలవాటు. వచ్చినా మైకులో తెలుగు, కూర్చున్న అవ్వలకు గోండి, కోలామి. అన్నిటికంటే చెడ్డది సంతకాల కాగితం. ఒక గూడెంలో మేం స్వయంగా చూశాం. సభ మొదలవకముందే ఖాళీ కాగితం మీద అందరి వేలిముద్రలూ వేయించుకున్నారు, తీర్మానం తర్వాత రాసుకుంటామన్నారు. వేసిన వాళ్లలో డిగ్రీ చదివిన తమ్ముడొకడు ఉన్నాడు. అడిగితే "పెద్దవాళ్లంతా వేస్తున్నారు అన్నా, నేనెలా వద్దంటాను" అన్నాడు. అతన్ని తిట్టలేకపోయాం. మేమూ ఆ వయసులో వేసినవాళ్లమే.

అయితే 2025 వేసవి తర్వాత కాస్త ధైర్యం కలిగింది. కుమ్రం భీం పేరు పెట్టి ఆసిఫాబాద్ జిల్లా అడవిని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ నంబరు జీవో వచ్చినప్పుడు ఊళ్లు లేచాయి. పులి వద్దని కాదు, పులితో మనకు కొత్త పరిచయమేమీ కాదు. మా గ్రామసభలను అడగకుండా ఎలా ఇచ్చారన్నదే ప్రశ్న. జూలైలో ప్రభుత్వం ఆ జీవోను నిలుపుదల చేసింది. రద్దు చేయలేదు, నిలిపింది. ఆ తేడా కూడా మన యువతే ఊరూరా తిరిగి వివరించింది. 1940లో 12 ఊళ్ల కోసం తుపాకీ ముందు నిలబడి అడగాల్సి వచ్చిన మాటను ఈసారి చట్టంలోని సెక్షను చూపించి అడిగారు.

దర్బారుకు వెళ్లొద్దని మేం అనడం లేదు. నాగోబా దగ్గరికి వెళ్లకుండా ఎలా ఉంటాం. కలెక్టరు, ప్రాజెక్టు ఆఫీసరు, ఎమ్మెల్యే ఒకే షామియానా కింద దొరికే రోజు ఏడాదికి అదొక్కటే. వెళ్లేముందు గూడెంలో కూర్చోండి. గోండిలో మాట్లాడుకోండి, తెలుగులో రాయండి. తేదీ వేయండి, ఎంతమంది ఓటర్లలో ఎంతమంది వచ్చారో రాయండి, ఆడవాళ్లెందరో వేరుగా రాయండి. తీర్మానం పైన రాసి కింద సంతకాలు పెట్టించండి, కింద సంతకాలు పెట్టించి పైన రాయకండి. రిజిస్టరు గూడెంలోనే ఉంచి, దర్బారుకు నకలు తీసుకెళ్లండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఇంకో పని కూడా మొదలుపెట్టాం. దర్బారులో మన తాతలు, తండ్రులు ఇచ్చిన పాత అర్జీల నకళ్లు, వాటికి వచ్చిన జవాబులు సేకరిస్తున్నాం. చాలావరకు ట్రంకు పెట్టెల్లో, పట్టా పుస్తకాల మధ్య మడిచి ఉంటాయి. కొన్ని ఉర్దూలో ఉండొచ్చు, చదవలేమని పారేయకండి. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు అవ్వనడిగి పెట్టె తెరిపించండి. దొరికిన కాగితాన్ని రెండు వైపులా ఫొటో తీసి, ఏ ఊరిదో, ఎవరింట్లో దొరికిందో రాసి సంఘానికి పంపండి. వచ్చే సంచికలో వాటిని వరసగా అచ్చువేస్తాం.